పెరటి ప్రశ్నలు: కొసరు వేస్తే బహుమతి పోతుంది

పోయిన సంచికలో ఊరికే ఒక్క వాక్యం రాశాను, మా ఊరి ప్రదర్శనలో నా చిన్న ఉల్లిపాయలకి రెండో బహుమతి వచ్చిందని. అసలు వ్యాసం వంగమొక్కల పేనుబంక మీద. పేనుబంక సంగతి ఒక్కరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం గురించే. సరే, ఈ నెల అవే.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇంగ్లండులో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చాలా ఊళ్లలో కూరగాయలకీ పూలకీ జాములకీ కేకులకీ పోటీ పెడతారు. ఊరి హాల్లో పొడుగు బల్లలు వేసి, తెల్లకాగితం పరిచి, 'మూడు టమాటాలు', 'ఐదు చిక్కుళ్లు', 'ఒక సీసా చట్నీ' అని వరసగా చీటీలు పెడతారు. ఎవరు పండించినవి వాళ్లే తేవాలి. పొద్దున సర్దడం, అందరూ బయటికి పోయాక జడ్జీలు చూడడం, మధ్యాహ్నం తలుపులు తెరవడం. మొదటి బహుమతికి ఎర్ర కార్డు, రెండోదానికి నీలం, మూడోదానికి పసుపు. డబ్బంటారా, ఒకటో రెండో పౌన్లు. ఆ ఎర్ర కార్డు కోసం మాత్రం మనుషులు ఏడాది పొడుగునా నిద్ర పాడుచేసుకుంటారు. అందులో నేనూ ఉన్నాను.

ప్రశ్న: అక్కా, మేం మిల్టన్ కీన్స్ దగ్గర చిన్న ఊళ్లో ఉంటాం. మన తెలుగువాళ్లెవరూ ఇలాంటివాటికి వెళ్లినట్టు వినలేదు. మనల్ని రానిస్తారా? ముందుగా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, బకింగ్‌హామ్‌షైర్

రానిస్తారమ్మా. కొన్ని ఊళ్లలో అక్కడ నివాసం ఉండేవాళ్లకే పోటీ, కొన్నిచోట్ల ఎవరైనా రావచ్చు. ముందు షెడ్యూలు సంపాదించు. ఏ క్లాసులో, అంటే ఏ పోటీ విభాగంలో, ఏం పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎన్ని గంటలకి సర్దాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఎంట్రీ ఫారం సాధారణంగా ప్రదర్శనకి రెండు మూడు రోజుల ముందే ఇచ్చేయాలి. ఒక్కో క్లాసుకి కొన్ని పెన్నీలు రుసుం.

ఆ షెడ్యూలుని పెళ్లి శుభలేఖలా తిరగేసి పక్కన పడేయకు. పొలం దస్తావేజు చదివినట్టు చదువు. నేను అలా చదవక దెబ్బతిన్నాను. 2011లో నా మొదటి పోటీ. 'మూడు టమాటాలు' అన్నచోట నాలుగు పెట్టాను. పొరపాటున కాదు, తెలిసే పెట్టాను. మాది కంకిపాడు దగ్గర పల్లె. కూరలమ్మి తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలో, ఓ కరివేపాకు రెబ్బో కొసరు వేస్తేనే బేరం తెగినట్టు. ఆ అలవాటే నాది. మూడూ బాగున్నాయి, నాలుగోది ఇంకా బాగుంది, దాన్నొక్కదాన్నీ పాపం ఇంట్లో ఎందుకు వదిలేయాలి అనుకున్నాను.

మధ్యాహ్నం వెళ్లి చూస్తే నా చీటీ మీద పెన్సిలుతో మూడక్షరాలు: ఎన్.ఎ.ఎస్. షెడ్యూలు ప్రకారం లేదు అని దాని అర్థం. అంటే పండు బాగుందో లేదో చూడను కూడా చూడలేదన్నమాట. ముప్పయ్యేళ్లు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, మూడు లెక్కపెట్టడం రాక తప్పానని మావారు ఇప్పటికీ భోజనాల దగ్గర అందరికీ చెబుతారు. మా అలాట్‌మెంట్‌లో పక్క ప్లాటు పెద్దాయన, ఒకప్పుడు బొగ్గుగనిలో చేసినాయన, నా నాలుగు టమాటాల వంక చూసి, "ఆ నాలుగోది శాండ్‌విచ్‌లో పెట్టుకుని తినేయాల్సింది" అన్నాడు. సానుభూతి అంతే.

అలాట్‌మెంట్ అంటే ఊరివాళ్లకి అద్దెకిచ్చే సాగు ముక్క. పాత కొలతల్లో పది రాడ్లు నిండు ప్లాటు, అంటే దాదాపు 250 చదరపు మీటర్లు. మాది అందులో సగం. నీకు అదీ లేకపోయినా ఫరవాలేదు, కుండీలో కాసిన మిరపకాయలకీ, గిన్నెలో కాచిన జాముకీ కూడా క్లాసులుంటాయి.

ప్రశ్న: నా టమాటాలు ఒక్కొక్కటి పిడికిలంత ఉన్నాయి. పక్కింటాయనవి వాటిలో సగం కూడా లేవు. ఎర్ర కార్డు ఆయనకి, మొండిచెయ్యి నాకు. ఇదెక్కడి న్యాయం అండీ?
– ఒక పాఠకుడు, కొవెంట్రీ

ముందు ఒకటి చెప్పు బాబూ, నీ పళ్లన్నీ ఒకే సైజులో ఉన్నాయా? ఒకటి పిడికిలి, ఒకటి పిడికిలిన్నర అయివుంటుంది. మనం బజారుకి వెళ్తే పెద్దది ఏరుకుంటాం. ఇక్కడ జడ్జీ పళ్లెంలో ఉన్నవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయా అని చూస్తాడు. సైజు, రంగు, పక్వం, తొడిమ అన్నీ ఒక్కలా ఉండాలి. దాని తర్వాతే మిగతావి.

రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అని ఇక్కడి తోటపనివాళ్ల పెద్ద సంఘం, వాళ్ల ప్రదర్శన హ్యాండ్‌బుక్ ఒకటుంది. చాలామంది జడ్జీలకి అదే ప్రమాణం. మామూలు టమాటా అడ్డంగా 60 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి, చెర్రీ టమాటా 35 దాటకూడదు. నీలాంటి పిడికిలి టమాటాలకి వేరే క్లాసు ఉంటుంది, అందులో పెట్టాల్సింది.

60 మిల్లీమీటర్లు ఎలా కొలవాలని స్కేలు పట్టుకుని కొన్నేళ్లు తంటాలు పడ్డాను. ఒకరోజు గాజులు తీసి గట్టు మీద పెడుతుంటే తట్టింది. టూ సిక్స్ సైజు గాజు అంటే రెండంగుళాల మీద అంగుళంలో పదహారింట ఆరు వంతులు. లెక్కవేస్తే లోపలి కొలత 60.3 మిల్లీమీటర్లు! అప్పటినుంచీ ప్రదర్శన ముందురోజు రాత్రి మా వంటింట్లో ఇదే తంతు. బల్ల మీద పాత తువ్వాలు, దాని మీద నలభై టమాటాలు, చేతిలో ఒక గాజు. గాజులోంచి జారిపోయేవి ఒక పక్క, అసలు దూరనివి ఒక పక్క, అంచుకి ఆనుకుని ఆగేవి మధ్యలో. ఆ మధ్యవాటిలో మళ్లీ రంగు చూసి, తొడిమ ఆకులు పచ్చగా నిక్కబొడుచుకుని ఉన్నవి ఏరితే చివరికి ఐదారు మిగులుతాయి. మూడు పోటీకి, రెండు దారిలో ఏమైనా అయితే ఉంటాయని. మిగతావన్నీ తెల్లారి పప్పులోకి.

కోసేటప్పుడు కత్తెరతో తొడిమతో సహా కొయ్యి. చేత్తో లాగితే తొడిమ ఊడుతుంది, మార్కూ ఊడుతుంది. బయట పెంచితే ఆగస్టు వానలకి ఆకుమాడు తెగులు వచ్చి ప్రదర్శన వారం ముందే చెట్టు నల్లబడిపోతుంది. పోటీ పళ్లు నేను గ్రీన్‌హౌస్‌లోనే పెంచుతాను.

చిక్కుళ్ల విషయం అడగలేదు కానీ చెబుతాను, నాకు ఎర్ర కార్డు తెచ్చినవి అవే. ఇక్కడివాళ్లు రన్నర్ బీన్స్ అంటారు. పోటీవాళ్లు స్టెన్నర్ రకం వేస్తారు, కాయ పొడుగ్గా తిన్నగా వస్తుంది. గింజ పైకి ఉబ్బి కనపడకూడదు. జడ్జీ ఒకటి విరిచి చూస్తాడు, టక్కున విరగాలి, పీచు రాకూడదు. కొద్దిగా వంపున్న కాయలుంటే ముందురోజు రాత్రి తడిగుడ్డలో పక్కపక్కన పేర్చి బిగించి చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. తెల్లారేసరికి చాలావరకు తిన్నగా అవుతాయి. నేను మావారి పాత పంచె వాడతాను. అందులో పేర్చితే ఇరవై కాయలకి సరిపోతుంది. ఆయనకి ఆ ఒక్క రాత్రీ పంచె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

ప్రశ్న: పిన్నిగారూ, మా అమ్మ పద్ధతిలో పెట్టిన ఆవకాయ పోటీకి తీసుకెళ్దామని ఉంది. చట్నీ క్లాసులో పెట్టాలా, పికిల్ క్లాసులో పెట్టాలా? మామిడికాయ ఇండియన్ షాపులో కొన్నదే. ఒప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

కొన్న కాయైతే ఏమీ అనరమ్మా. కూరగాయలు నీ పెరటివి కావాలి కానీ, సీసా సరుకుకి మామూలుగా నీ చేత్తో చేసినదైతే చాలు. షెడ్యూలులో మాత్రం ఒకసారి చూసుకో.

అసలు చిక్కు క్లాసు దగ్గర. వీళ్ల పికిల్ అంటే వెనిగర్‌లో ఊరినది. ఇక చట్నీ మన దేశంనుంచే వీళ్ల దగ్గరికొచ్చి, పంచదారా వెనిగరూ వేసుకుని, గంటలకొద్దీ ఉడికి, సీసాలోకెక్కి రెండు మూడు నెలలు చీకటి అల్మారాలో కూర్చుంది. పొద్దున రుబ్బి మధ్యాహ్నానికి చెల్లిపోయే మన ఇడ్లీ చట్నీకి ఇది చుట్టమని చెప్పినా ఎవరూ నమ్మరు. ఆవకాయలో వెనిగరూ లేదు, పంచదారా లేదు, పొయ్యి మీదకి ఎక్కనే ఎక్కదు. రెండు క్లాసుల్లో ఏదీ దానిది కాదు.

నేను 2013లో చట్నీ క్లాసులో పెట్టాను. మంచి ఆవకాయ. మూడోరోజు తిరగ కలిపితే నూనె పైకి తేలి, ముక్క గట్టిగా ఉండి, మూత తీస్తే వేడన్నం కళ్లముందు కనపడేట్టు ఉంది. చీటీ మీద ఏం రాశారో తెలుసా? 'నూనె విడిపోయింది. ఉడకలేదు.' ఆవకాయకి పైన నూనె తేలకపోతే మా అమ్మ నా చెవి మెలేసేది. వీళ్ల చట్నీకి పైన తడి తేలడం దోషం. జడ్జీ చేసింది తప్పని నేను అనను. తన ఎదుట ఉన్న క్లాసు ప్రకారం చూసింది. తప్పు క్లాసులో పెట్టినదాన్ని నేను.

మర్నాడే ప్రదర్శన కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. గొడవకి కాదు. 'ఇంకేదైనా నిల్వ పదార్థం' అని ఒక క్లాసు పెట్టమని అడిగాను. మర్యాదగా అడిగితే వింటారు, క్లాసులు పెరిగితే వాళ్లకీ సంతోషమే. వచ్చే ఏడాది నుంచి పెట్టారు. నువ్వూ ముందు షెడ్యూలులో అలాంటి క్లాసు వెతుకు. లేకపోతే చలికాలంలోనే అడుగు, ఆగస్టులో అడిగితే షెడ్యూలు అచ్చయిపోయి ఉంటుంది.

ఆ వచ్చే ఏడాది ఏమైందంటే, 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన దేశపు మామిడికాయలు రాకుండా ఆపేసింది. పండుఈగ పురుగులు దొరికాయని. మామిడితో పాటు వంకాయ, కాకరకాయ, పొట్లకాయ, చామ కూడా. అప్పుడు బ్రిటన్ యూనియన్‌లోనే ఉంది. క్లాసు పెట్టించుకున్నది నేను, ఆవకాయకి మన కాయ లేనిదీ నేనే. ఏం చేయను? మా పక్కనే సౌత్‌వెల్ అనే ఊరుంది. 1809లో అక్కడ ఒక అమ్మాయి గింజ నాటితే వచ్చిన చెట్టు నుంచే బ్రామ్లీ ఆపిల్ పుట్టింది. పచ్చిగా కొరికితే పళ్లు పులిసిపోతాయి, అంత పులుపు, అంత గట్టి. ఈ జిల్లాలో ప్రతి వీధిలో ఒక చెట్టుంటుంది, ఆగస్టు చివర గాలికి రాలిన కాయలు గేటు దగ్గర బుట్టలో పెట్టి పట్టుకుపొమ్మంటారు. పట్టుకొచ్చి ఆవకాయ పెట్టాను.

కొలత ఇదీ. తొక్కతో సహా తరిగిన ముక్కలు కిలో. తడి లేకుండా తుడవాలి. ఆవపిండి, కారం, ఉప్పు తలా 125 గ్రాములు. ఒక చెంచా మెంతులు, వెల్లుల్లి నీ ఇష్టం, నేను పోటీకి వేయను. నువ్వుల నూనె 300 మిల్లీలీటర్లు. తరిగిన వెంటనే నూనె పట్టించు, లేకపోతే ముక్క నల్లబడుతుంది. దీనికి టెంక ఉండదు కదా, రెండో వారానికి ముక్క మెత్తబడడం మొదలవుతుంది. అందుకని ప్రదర్శనకి ఎనిమిది పది రోజుల ముందు పెట్టాలి. ఏడాదంతా నిల్వుండే సరుకు కాదిది, ఫ్రిజ్‌లో పెట్టుకుని నెలా రెండు నెలల్లో తినేయాలి.

ఎర్ర కార్డు వచ్చింది. లోపల ఏం జరిగిందో జడ్జీకి తోడున్నావిడ తర్వాత చెప్పింది. జడ్జీ అరచెంచా నోట్లో పెట్టుకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మంచినీళ్లు అడిగి, రెండో అరచెంచా తీసుకుందట. కార్డు కంటే ముందు జడ్జీ మొహమే ఎర్రబడిందని చెప్పుకున్నారు.

సీసా గురించి కూడా చెప్పాలి, మనవాళ్లు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. పారదర్శకంగా ఉండే మామూలు గాజు సీసా కావాలి. గాజు మీద ఏ కంపెనీ పేరూ అచ్చుపోసి ఉండకూడదు. మూత కొత్తది, లోపల పూత ఉన్నది. పాత మూత ఎంత తోమినా పాత వాసన పోదు. సీసా అంచుదాకా నింపాలి. బయట నూనె చుక్క, పసుపు వేలిముద్ర ఉండకూడదు. లేబులు తిన్నగా అంటించి, పదార్థం పేరు, చేసిన తేదీ, నెల, సంవత్సరం రాయి. 'ఆవాలు ఉన్నాయి' అని కూడా రాయి. ఇక్కడి చట్టం ప్రకారం అలెర్జీ కలిగించే 14 పదార్థాల జాబితాలో ఆవాలు ఒకటి. అవి లేనిదే మన ఆవకాయ లేదు కదా!

ప్రశ్న: ఇక్కడివాళ్లు కాడలు వండుకునే రూబార్బ్ మొక్క ఆకు చూస్తే గోంగూరలా పుల్లగా ఉంటుందనిపిస్తోంది. పచ్చడి చేసి పోటీకి పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, స్విండన్

వద్దు. ఆ ఆకు విషం. ఆక్సాలిక్ ఆమ్లం, ఇంకా కొన్ని విషపదార్థాలు ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కూరలు దొరక్క ఈ ఆకు తినమని ఇక్కడ ప్రచారం చేస్తే తిన్నవాళ్లు ప్రాణం మీదకి తెచ్చుకున్నారు. ఆకు కోసి కంపోస్టులో పడేసి, ఎర్రటి కాడ ఒక్కటే వాడు. కాడతో పచ్చడి గోంగూరకి దగ్గరగానే వస్తుంది. ఎండుమిరపకాయలు, మెంతులు వేయించి వేస్తే మా ఇంటికొచ్చినవాళ్లు సగం మంది పోల్చుకోలేరు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి డెర్బీలో ఉంటుంది. వచ్చే మేలో ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్తున్నాం. వాళ్ల పెరట్లో గోంగూర, చిక్కుడు, సొర వేసి అక్కడి పోటీలో పెట్టాలని మావారి కోరిక. ఇక్కడనుంచి విత్తనాలు ఏవేవి తీసుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఏవీ తీసుకురాకండమ్మా. ఇండియా నుంచి నాటుకునే విత్తనం తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో చీరల మధ్య పొట్లం కట్టి తెస్తే అది నియమం తప్పినట్టే. గోంగూర, సొర, తోటకూర విత్తనాలు ఇక్కడే దొరుకుతాయి, అమ్మాయిని కొని ఉంచమనండి.

కొనడమే కాదు, గోంగూరా సొరా ఏప్రిల్‌లోనే ఇంట్లో వెచ్చని చోట నారు పోయించండి. మీరు మేలో దిగి మొదలుపెడితే ఆలస్యం. జూన్‌లో గ్రీన్‌హౌస్‌లోకి మార్చాలి. బయట నేలలో గోంగూర బతికుంటుంది కానీ ఎదగదు, చలికి ముడుచుకుని అలిగిన పెళ్లికొడుకులా కూర్చుంటుంది. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది, ఈ దేశంలో అదే రికార్డు. ఆ ఏడాది ఒక్కటే మా గోంగూర బయట కూడా నడుమెత్తు పెరిగింది. ఊరంతా ఫ్యాన్ల కోసం పరుగులు పెడుతుంటే నేనూ గోంగూరా హాయిగా ఉన్నాం.

చిక్కుడు మీద ఆశ వదులుకోమని అన్నయ్యగారికి చెప్పండి. మన చిక్కుడు పగలు తగ్గితేగానీ పూత పూయదు. ఇక్కడ జూన్‌లో దాదాపు 17 గంటల పగలు. తీగ పందిరంతా అల్లుకుని, సెప్టెంబరు దాకా ఆకులు చూపించి, పూత వచ్చేసరికి చలి వచ్చేస్తుంది. నేను మూడేళ్లు వేసి మూడేళ్లూ ఆకులే చూశాను. బదులు రన్నర్ బీన్స్ వేయండి, లేతగా కోసి కొబ్బరి వేసి వేపుడు చేస్తే ఆయనేమీ అనరు. మెంతికూర, తోటకూర, చుక్కకూర బయట బాగా వస్తాయి. కొత్తిమీర ఎండకి తొందరగా పూతకొచ్చేస్తుంది, నీడపట్టున వేయండి.

పోటీలో వీటిని 'ఇతర కూరగాయలు' అన్న క్లాసులో పెట్టాలి. గోంగూర కాడలు ఒకే పొడవుకి కోసి, నీళ్లున్న గాజు గ్లాసులో నిలబెట్టి, పక్కన పేరు రాసిన చిన్న చీటీ పెట్టండి. ఏమిటో తెలియని ఆకుకి జడ్జీ మార్కులెలా వేస్తాడు?

ప్రశ్న: స్ట్రాబెర్రీ జామ్ ఎంత కాచినా పాకంలా కారిపోతోంది. తీగపాకం వచ్చాకే దించుతున్నాను.
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

తప్పు తీగపాకంలోనే ఉంది. జాము గట్టిపడేది పంచదార వల్ల ఒక్కటే కాదు, పండులో ఉండే పెక్టిన్ వల్ల. స్ట్రాబెర్రీలో అది తక్కువ. నిమ్మరసం పిండు, లేదా పెక్టిన్ కలిపిన జామ్ పంచదార వాడు. వేళ్ల మధ్య తీగ చూడడం మానేసి, ముందే ఒక పళ్లెం ఫ్రిజ్‌లో పెట్టుకో. దాని మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తోస్తే పైన ముడత పడాలి. థర్మామీటరు ఉంటే 105 డిగ్రీలు. దించాక పది నిమిషాలు ఆగి సీసాకెత్తు, వెంటనే పోస్తే పళ్లన్నీ పైకి తేలి కింద సగం ఉత్త జెల్లీ మిగులుతుంది. మూత తిప్పేదైతే లోపల మైనపు కాగితం పెట్టకు, రెండూ పెడితే మార్కు పోతుంది.

ప్రశ్న: మా ఏడేళ్ల పాప 'కూరగాయలతో జంతువు' పోటీకి పేరిచ్చింది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, రెడింగ్

మీరేమీ చేయకండి. పిల్లల క్లాసులో తండ్రులు చేసిన జంతువుల్ని జడ్జీలు గుమ్మంలోంచే పోల్చేస్తారు. బెండకాయ, వంకాయ, పళ్లపుల్లలు ఇచ్చి పక్కగదిలోకి వెళ్లిపోండి. ఓ ఏడాది మా ఊళ్లో ఒక చిన్నది వంకాయకి మూడు కాళ్లు గుచ్చి, నాలుగోది ఎవరో కొరికేశారని చీటీ రాసి పెట్టింది. మొదటి బహుమతి.

ప్రశ్న: నిజం చెప్పండి. రెండేళ్లుగా పెడుతున్నాను, ఒక్క కార్డూ రాలేదు. మన పేర్లు చూసే పక్కన పెడుతున్నారని నా అనుమానం.
– పేరు వద్దన్న పాఠకుడు, స్లవ్

అనుమానం రావడం తప్పేమీ కాదు తమ్ముడూ. ఈ దేశంలో పేరు చూసి మొహం మారడం నాకూ తెలుసు. అయితే ఈ బల్ల దగ్గర పద్ధతి వేరు. మామూలుగా పేరున్న చీటీని బోర్లించి పెడతారు, జడ్జీలు చూడడం అయ్యాకే తిప్పుతారు. ఉల్లిపాయ మీద ఇంటిపేరు ఉండదు. ఊరంతటికీ గోంగూర పెట్టేదాన్ని నేనొక్కదాన్నే అయినప్పుడు బోర్లించి ఏం లాభమంటారా, అది నిజమే.

మీరు రాసిన పొడుగు ఉత్తరంలో నాకు రెండు చోట్ల కళ్లు ఆగాయి. బీట్‌రూట్లు 'మెరిసేదాకా పీచుతో తోమాను' అన్నారు. తోమకూడదు. మెత్తని గుడ్డతో నీళ్లు పోసి మట్టి వదిలిస్తే చాలు. పీచు గీతలు ఎండాక తెల్లగా కనపడతాయి. బఠాణీ కాయల మీద దుమ్ములాంటిది తుడిచేశానన్నారు. అది దుమ్ము కాదు, కాయ మీద సహజంగా ఉండే బూడిదపూత. అది చెదరకుండా కాడ పట్టుకుని కోశారా లేదా అన్నదే జడ్జీ చూస్తాడు. మనం శుభ్రం అనుకుని చేసినదే అక్కడ లోపం అయింది. ప్రదర్శన అయ్యాక జడ్జీ అక్కడే ఉంటే వెళ్లి అడగండి, ఎక్కడ తగ్గిందని. ఓపిగ్గా చెబుతారు. నాకు తెలిసిందంతా అలా నిలబడి అడిగిందే.

ప్రశ్న: వచ్చే ఏడాదికి ఎప్పుడు మొదలుపెట్టాలి? హారోగేట్ ప్రదర్శనలో తొమ్మిది కిలోల ఉల్లిపాయ అని చదివాను, అలాంటిది పండించొచ్చా?
– ఒక పాఠకుడు, నాటింగ్‌హామ్

2023లో ఆ ప్రదర్శనలో తూగింది 8.97 కిలోలు. అది వేరే లోకం, వాళ్లు రాత్రిపూట దీపాలు పెట్టి పెంచుతారు. అంత ఉల్లిపాయతో పులుసు పెడితే మన వీధి మొత్తం తినొచ్చు కానీ, ఊరి పోటీలో మనకి కావాల్సింది అది కాదు. ఇక్కడ రెండు క్లాసులుంటాయి, 250 గ్రాములు దాటినవి, దాటనివి. కొత్తవాళ్లు రెండోదాంట్లో పెట్టండి. వసంతంలో దొరికే చిన్న ఉల్లి గడ్డలు నాటితే చాలు. ఇంట్లో తూచి చూసుకోండి. 251 గ్రాములున్న దాన్ని కూరలో వేసుకోవాల్సిందే, నెత్తిన పెట్టుకుని పూజించినా ఒక్క గ్రాము దిగదు. చిన్న ఊరగాయ ఉల్లికైతే 30 మిల్లీమీటర్లు హద్దు. రెండు పౌన్ల నాణెం 28.4, దానికంటే వెంట్రుకవాసి పెద్దవి ఏరుకోండి. నాకు నీలం కార్డు వచ్చినవి అలా ఏరినవే. ఎర్రది పక్క ప్లాటు పెద్దాయనకి.

పెద్ద ఉల్లికి ఇక్కడివాళ్ల ముహూర్తం డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు. కెల్సే రకం విత్తనం ఆరోజు ఇంట్లో వెచ్చగా, వెలుతురున్న చోట పోస్తారు. ఏప్రిల్‌లో బయట నాటి, ఆగస్టులో తీసి ఆరబెట్టి, మెడలు రాఫియా నారతో కట్టి ప్రదర్శనకి తెస్తారు. పెద్దాయన నాకు కొంచెం విత్తనం ఇస్తానన్నాడు. మాకు దక్షిణపు కిటికీ గట్టు ఒక్కటే ఉంది, దాని మీద ప్రస్తుతం మావారి దేవుడి పటాలున్నాయి. డిసెంబరు 26 లోగా ఆ పంచాయితీ తేలాలి.